మామగారు కల్లో చెప్పినట్టు

విండ్‌వర్డ్, కారియాకూ దీవి
1996 మే 21, మంగళవారం

గౌరవనీయులైన బావగారు అగస్టస్ మెక్‌లారెన్ గారికి,

ట్రినిడాడ్‌లో మీరూ, మా అక్కయ్యగారూ, పిల్లలూ దేవుడి దయవల్ల కులాసాగా ఉన్నారనీ, మీరు పనిచేసే పడవల మరమ్మతు యార్డు చక్కగా నడుస్తోందనీ తలుస్తాను. ఇక్కడ నేనూ, మీ చెల్లెలు వెర్నెటా, మా మేకలూ, ఆవిడగారి కోళ్లూ అందరం క్షేమం. వానలు ఇంకా మొదలవలేదు. తొట్టిలో నీళ్లు అడుగంటాయి. పోయిన ఆదివారం చర్చిలో పాస్టరు గారు మీ పేరు చెప్పి మరీ ప్రార్థన చేశారు.

మర్యాదలు ఇక్కడితో అయిపోయాయి గస్. ఇక నుంచి నిన్ను నువ్వు అనే అంటాను. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, నా గొంతు కాస్త లేవగానే 'బావా, లైను సరిగా లేదు' అని పెట్టేసే అలవాటు నీకుంది. ఉత్తరానికి ఆ సౌకర్యం లేదు. కూర్చుని మొత్తం చదువు.

నాకు ఒళ్లు మండిపోతోంది. మీ చెల్లెలి మీద ఫిర్యాదు ఉంది, చచ్చి స్వర్గాన ఉన్న మీ నాన్న మీద ఉంది, నీ మీద కూడా ఉంది. నీ సంగతి చివర్లో చూస్తాను.

'ఇథలిన్'ని అమ్మేస్తున్నానని ఈస్టర్‌కి ముందే నీకు రాశాను కదా. పడవకి నువ్వు జ్ఞానతండ్రివి. నీళ్లలోకి దించిన రోజు దాని పేరు మీద కప్పిన జెండాని లాగినవాడివి నువ్వు. అందుకని ముందు నీకే రాశాను. మీ అమ్మ పేరు పెట్టుకున్న పడవ, మీ నాన్న తన చేతుల్తో చెక్కి కట్టిన ఆఖరి పడవ, దానికి నువ్వు రాసిన జవాబు ఒక్క ముక్క. 'నీ పడవ, నీ ఇష్టం బావా.' సెయింట్ జార్జెస్‌లో ఉన్న మా అమ్మాయికి చెబితే 'మీ ఇష్టం నాన్నా' అంది. పాస్టరు గారిని అడిగితే 'మీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యండి' అన్నారు. అందరూ ఎంత మంచివాళ్లో. సరే, నా ఇష్టమే కదా అని బేరం వెతుక్కున్నాను.

నా కుడి భుజం సంగతి నీకు రాయలేదు. రాయాల్సినంత సంగతేం కాదు. చెయ్యి చెవి దాటి పైకి లేవదు, అంతే. తెరచాప ఎత్తాలంటే చెవి దాటాలి, అది వేరే విషయం. పడవ అమ్మడానికి కారణం భుజమని నేను ఎవరితోనూ అనలేదు. ఖర్చు ఎక్కువైందన్నాను. అది కూడా నిజమే.

పడవ కొంటానన్నాయన పేరు లడ్లో. సెయింట్ జార్జెస్ దగ్గర సముద్రపు ఒడ్డున హోటల్ నడుపుతాడు. తెల్ల టోపీ, తెల్ల బూట్లు. ఒకసారి వచ్చి మన పడవ పలకల మీద వేలితో కొట్టి చూశాడు, పుచ్చకాయ బేరమాడుతున్నట్టు. శనివారం పొద్దుటి విమానంలో వస్తాను, పడవని హిల్స్‌బరో రేవుకి తెచ్చి ఉంచండి, మాట ముగించేద్దాం అన్నాడు. నేను సరేనన్నాను.

శుక్రవారం పొద్దున్న నాకు కోకో కలిపిస్తూ వెర్నెటా నెమ్మదిగా అంది, 'రాత్రి నాన్న కల్లోకొచ్చాడయ్యా.'

నేను గిన్నె ఎత్తినవాణ్ణి అలాగే ఉండిపోయాను. చచ్చినవాళ్లు కల్లోకొచ్చి నోరు తెరిచి అడిగితే కాదనడానికి లేదని నీకు నేను చెప్పాలా? మా మేనత్త కల్లోకొచ్చి రొట్టె అడిగితే మా బాబాయి నవ్వేసి పడుకున్నాడు. ఆ ఏడాది గాలివానకి ఊరందరి ఇళ్లూ నిలిచాయి, ఆయన ఇంటి పైకప్పు మాత్రం వెళ్లి చర్చి పెరట్లో పడింది. అందుకని గిన్నె పట్టుకునే, ఏమన్నాడే అని అడిగాను.

ఒడ్డున దుంగ మీద కూర్చున్నాడట. కాళ్లకి చెప్పుల్లేవట. నోట్లో ఆ పొట్టి పైపు, చెవి మీద పెన్సిలు. 'సిల్వన్, నా పడవని అమ్మేముందు ఒక్కసారి దీవి చుట్టూ తిప్పు. నువ్వూ నా కూతురూ, మీరిద్దరే. దార్లో ఎక్కడా నేల తొక్కొద్దు. నాకో పళ్లెం పెట్టండి' అన్నాడట. ఎప్పుడు తిప్పాలట అని అడిగాను. శనివారం అంది. శనివారం లడ్లో వస్తున్నాడే, ఆదివారం రమ్మని చెప్పు మీ నాన్నని అన్నాను. 'చచ్చినవాళ్లు నీ తీరిక చూసుకుని రావాలా? నువ్వే చెప్పుకో పోయి' అంది.

సరే. శనివారం తెల్లవారకుండానే వంటింట్లో పొయ్యి వెలిగింది. కోడిని కోసింది. అన్నం ముద్దలు చుట్టింది, కందులు ఉడికించింది. చచ్చినవాళ్ల తిండికి ఉప్పు వెయ్యకూడదు, నిజమే, మా అమ్మా వెయ్యలేదు, మీ అమ్మా వెయ్యలేదు. కానీ వాళ్లు బతికున్నవాళ్లకి వేరే గిన్నెలో వండేవాళ్లు. మీ చెల్లెలు ఒకే గిన్నెలో వండింది. ఇదేంటే అంటే, నాన్నతో కలిసి తినేటప్పుడు నాన్న తిన్నట్టే తినాలంది. కనీసం ఉప్పు డబ్బా పడవలో పెట్టుకుందామంటే, చెయ్యి మీద ఒక్కటి వేసింది.

పడవలో మధ్యన, తెరచాప కొయ్య నీడలో, చల్లగా గాలి తగిలే ఒక్క చోటు ఉంటుంది చూడు. నా చోటు అది. అక్కడ తెల్లగుడ్డ పరిచి, మీ నాన్న పళ్లెం పెట్టి, గాజు లాంతర్లో కొవ్వొత్తి వెలిగించి, చిన్న సీసాడు రమ్ పెట్టింది. నేను ఎండలో కూర్చున్నాను. నేను నోట్లో పోసుకునే రమ్ మాత్రం ఇంట్లోనే మర్చిపోయిందట.

తెరచాప ఎత్తే దగ్గర మొదలైంది అసలు గొడవ. నేను తాడు పట్టుకున్నాను. నా పద్ధతి నాకుంది, ఎడమ చేత్తో లాగి, పంటితో పట్టి, మళ్లీ లాగుతాను. ఆలస్యం అవుతుంది, అయితే అవుతుంది. ఆమె వచ్చి నా పక్కన నిలబడి తాడు అందుకుంది. వదులు అన్నాను. 'నాన్న చెప్పాడు, తాడు నన్ను లాగమని' అంది. ఎప్పుడు చెప్పాడే అంటే, కల్లోనే అంది. నిన్న చెప్పలేదేం అంటే, నిన్న గుర్తు రాలేదంది.

ఇక చూసుకో గస్. గన్ పాయింటు దాటి పడమటి వైపుకి తిరిగామో లేదో, కల పెరగడం మొదలెట్టింది. నేను ఒడ్డుకి దగ్గరగా పోదామంటే, దూరంగా పొమ్మని నాన్న చెప్పాడు. టోపీ తీసి పక్కన పెడితే, పెట్టుకోమని నాన్న చెప్పాడు. నాకు పొగ తాగాలనిపించి అగ్గిపెట్టె తీస్తే, అది కూడా మీ నాన్న వద్దన్నాడట, జీవితమంతా పైపు నోట్లోంచి తియ్యని మనిషి. శుక్రవారం పొద్దున్న గుప్పెడంత ఉన్న కల శనివారం పొద్దెక్కేసరికి దీవంత అయింది. రాత్రంతా నిద్ర మానుకుని చెప్పాడా ఆయన, నువ్వు రాసుకున్నావా అని అడిగేశాను. 'చచ్చిపోయినాయన్ని వెటకారం చెయ్యకు, ఎదురుగా ఆయన పళ్లెం ఉంది' అంది.

హిల్స్‌బరో వచ్చింది. రేవు చివర తెల్ల టోపీ కనిపించింది. లడ్లో గారు చేతిలో తోలు సంచీతో నిలబడి ఉన్నాడు, పక్కన రేవు జనం ఎప్పటిలాగే వేడుక చూడటానికి చేరారు. ఆయన మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. నేను చుక్కాని మళ్లించబోయాను. వెర్నెటా నా మణికట్టు మీద చెయ్యేసింది. 'నేల తొక్కొద్దన్నాడు' అంది. నేల తొక్కను, రేవు పక్కన ఆపి రెండు మాటలు మాట్లాడతానన్నాను. 'రేవు నేల కాక మరేంటి, ఆకాశమా?' అంది.

ఆ మనిషి ముందు నుంచే పోయాం గస్. మొహం కనిపించేంత దగ్గరగా. ఆయన ఊపే చెయ్యి ఊపుతూ ఊపుతూ ఆగిపోయింది. మీ చెల్లెలు మాత్రం పెళ్లివారికి వీడ్కోలు చెబుతున్నట్టు నవ్వుతూ చెయ్యి ఊపుతూనే ఉంది. రేవు మీద ఎవరో ఈల వేశారు. ఇంకెవడో 'సిల్వన్ అన్నా, ఆపడం మర్చిపోయావా?' అని అరిచాడు. ఈ వయసులో నాకు అలాంటి తలవంపులు అవసరమా, నువ్వే చెప్పు. మాట ఇచ్చినవాణ్ణి నేను. మాట తప్పించింది మీ నాన్న. ఆ సంగతి లడ్లోకి ఎవరు చెప్పాలి?

దాని తర్వాత లెస్టెర్ తీరం. మా ఊరే. మీ నాన్న నోట్లో నలిగి నలిగి నా పేరు బదులు నిలబడ్డ ఊరు. మా వాళ్లు ఫిడేలు వాయించుకుంటూ, చేపలు పట్టుకుంటూ బతుకుతారు. పడవలు కట్టే మీ విండ్‌వర్డ్ వాళ్లకి మేం పడవలో కూర్చోవడానికే తప్ప పడవ ఇంటి పిల్లని చేసుకోవడానికి పనికొస్తామని ఎవరికీ తోచలేదు, వెర్నెటాకి తప్ప. ఆ రోజుల సంగతి నీకు తెలుసు. పడవ దించిన రోజు, దానికి ఆనించిన కట్టుగుంజలు నరికి నీళ్లలోకి జార్చేటప్పుడు మీ నాన్న ఏమన్నాడో కూడా నీకు తెలుసు. 'లెస్టెర్ వాణ్ణి వెనక్కి పంపండి, అక్కడైతే ఏదీ విరగ్గొట్టడు' అన్నాడు. విందులో నాకు మేక మెడ వేశారు.

ఆ లెస్టెర్ దగ్గర మా పెదనాన్న కొడుకు ఫిట్జ్ వల తీసుకుంటూ కనిపించి, తన చిన్న డింగీ పడవని మా పక్కకి తెచ్చాడు. వాడి నోరు నీకు తెలుసు. ముందు వెర్నెటాకి నమస్కారం పెట్టాడు. పళ్లెం చూసి టోపీ తీశాడు. తర్వాత నా వైపు తిరిగి, 'ఏరా, మీ అత్తగారిని ఇసుకలో పాతి సారా కొట్టు పెడతారటగా? కొయ్య కోసేసి, మధ్యన గెడ్డం గీసినట్టు చదును చేసి, గ్లాసులు పెడతారట. విమానంలో పక్క సీటు వాడికి ఆ టోపీ ఆయనే చెప్పాడట. మా ఇంట్లో నాలుగు స్టూళ్లున్నాయి, ఏమైనా కావాలా?' అన్నాడు.

నేను వెర్నెటాకి చెప్పింది, పడవ మీద విహారానికొచ్చినవాళ్లని తిప్పుతారని. అబద్ధమేం కాదు, మొదట లడ్లో అలాగే అన్నాడు. తర్వాత ఇంకోలా అన్నాడు. ఆ ఇంకోలా అన్న ముక్క నేను ఇంటికి మోసుకురాలేదు. అందులో తప్పేముంది? ఒడ్డున పొడిగా, నీడలో ఉంటుంది, పురుగు పట్టదు, గాలివానకి కొట్టుకుపోదు. మనుషులు దాని చుట్టూ కూర్చుని నవ్వుకుంటారు. నీళ్లలో ఉంటేనే మర్యాదా? ఫిట్జ్‌తో ఇదంతా అన్నాను. వాడు వల ముడి విప్పుకుంటూ, 'నిన్ను కూడా అక్కడే కూర్చోబెడతారేమో కనుక్కో, నీడ బాగుంటుంది' అని డింగీ తోసుకుని వెళ్లిపోయాడు.

వెర్నెటా పళ్లెం వైపు తిరిగింది. తిట్టి ఉంటే నాకు తిండి సహించేది. మీ నాన్న పళ్లెం కింద పరిచిన గుడ్డ సర్దుతూ, 'నాన్నకి ఈ సంగతి ముందే తెలుసు' అంది. నేను ఆ చప్పిడి అన్నం ముద్ద ఒకటి తిన్నాను. బంకమన్ను తిన్నట్టుంది.

టైరెల్ బే దాటి, దక్షిణం కొన చుట్టి, తూర్పు వైపు తిరిగేసరికి ఎండ వాలింది. అక్కడి నుంచి ఇంటిదాకా గాలికి ఎదురు. ఆ దారి గురించి నీకు చెప్పేదేముంది, ఒక పక్క గాలి, ఇంకో పక్క పగడపు దిబ్బ, మధ్యలో మనం ఇటూ అటూ అల్లుకుంటూ పోవాలి. గాలి బాగుంటే నాకు ఆ దారే ఇష్టం. ఇథలిన్‌కి కూడా ఇష్టం. భుజం తట్టి లేపినట్టు లేస్తుంది అక్కడికి రాగానే. ఇది నేను మెచ్చుకోలుగా రాయడం లేదు, జరిగింది రాస్తున్నాను.

గ్రాండ్ బే ఎదురుగా ఉండగా తూర్పున ఆకాశం నల్లబడింది. చూస్తూ చూస్తూ ఉండగానే వానజల్లు, గాలి ఒక్కసారి మీద పడ్డాయి. నా ఎడమ చేతిలో చుక్కాని, కుడి చేతిలో పెద్ద తెరచాప తాడు. తాడు ఒక్క ఈడ్పు ఈడ్చింది. నా భుజంలో ఏదో కత్తి పెట్టి తిప్పినట్టయింది, తాడు చేతిలోంచి పోయింది. తెరచాప టపటపా కొట్టుకుంటోంది, దాని అడుగున కట్టిన కొయ్య అటూ ఇటూ ఊగుతోంది, ఇథలిన్ మొహం వాల్చేసి దిబ్బ వైపు జారుతోంది. తెల్లటి నురుగు కనిపిస్తోంది. నేను తాడు కోసం చెయ్యి చాపుతున్నాను, చెయ్యి రావడం లేదు. రావడం లేదు గస్. చెయ్యి నాదే, చెబితే వినడం లేదు.

వెర్నెటా పాక్కుంటూ వచ్చి చుక్కాని మీద చెయ్యేసింది. 'ఇలా ఇవ్వు' అంది.

మీ నాన్న చెప్పాడా అన్నాను. ఆ సమయంలో కూడా అన్నాను, నాకున్న మంట అలాంటిది.

'కాదు. నేను చెబుతున్నా' అంది.

ఇచ్చాను. ముందుకి పాకి, ఊగుతున్న తాడుని ఎడమ చేత్తో అందుకుని, నడుముకి రెండు చుట్లు చుట్టి, కాళ్లు తన్నిపెట్టి కూర్చున్నాను. నా ఒంటి బరువు ఇన్నాళ్లకి ఒక పనికొచ్చింది. ఆమె నీళ్ల రంగు చూస్తూ నడిపింది. గోధుమరంగు వస్తే తిప్పింది, ఆకుపచ్చ వస్తే వదిలింది. 'లాగు' అంటే వెనక్కి వాలాను, 'వదులు' అంటే ముందుకి వంగాను. ఎన్నిసార్లు అందో, ఎన్నిసార్లు నన్ను వెధవా అందో లెక్క లేదు. ఒక అల పడవ మీదికొచ్చి పళ్లెం, లాంతరు, రమ్ సీసా, తెల్లగుడ్డ మొత్తం ఊడ్చుకుపోయింది. దిబ్బ మా పక్కనుంచి ఎంత దగ్గరగా పోయిందంటే, దాని మీద అంటుకున్న గుల్లలు లెక్కపెట్టొచ్చు. తర్వాత నీళ్లు నీలంగా మారాయి. వాన వెళ్లిపోయింది.

నాకు తెలుసు నువ్వేమంటావో. చిన్నప్పుడు మీ నాన్న నిన్ను పడవలో తీసుకుపోయేటప్పుడు అదీ వెనకాలే ఎక్కేది, అన్నీ చూసేది అంటావు. మరి ఇన్నేళ్లు నా పడవలో కూర్చుని కొబ్బరి తురుముకుంటూ ఎందుకు ఊరుకుందట? నేను అడిగాను. 'నువ్వు నడుపుతున్నావుగా' అంది. ఇదా జవాబు?

తడిసి ముద్దయి ఉంది, జుట్టు మొహానికి అంటుకుపోయింది. పళ్లెం ఉన్న చోటు చూసి, 'నాన్న తినేశాడు' అంది. తర్వాత నడుముకి కట్టుకున్న ఏప్రాన్ జేబులో చెయ్యి పెట్టి మైనపు కాగితం పొట్లం ఒకటి తీసింది. ఉప్పు. పొద్దున్నే మడిచి పెట్టుకుందట, ఆయన తిన్నాక నాకు వేద్దామని. రోజంతా నా పక్కనే ఉంది ఆ ఉప్పు. నేను చప్పిడి కూడు మింగలేక చస్తుంటే చూస్తూ ఊరుకుంది. ఇదెక్కడి న్యాయం? మిగిలిన కోడి మీద చల్లి ఇచ్చింది. నా కుడి చెయ్యి లేవకపోతే ముక్క తనే విరిచి నోటికందించింది. భుజం ఎప్పటి నుంచి ఇలా ఉంది అని అడగలేదు. ఆమెకి మొదటి నుంచీ తెలుసనుకుంటాను. నేను పంటితో తాడు పట్టుకోవడం చూసినవాళ్లకి ఎవరికైనా తెలుస్తుంది.

దీపాలు పెట్టే వేళకి మన దిబ్బ సందులోంచి లోపలికొచ్చాం. ఒడ్డున ఊరు ఊరంతా నిలబడి ఉంది. లడ్లో గారు విమానమెక్కేముందు కబురు పెట్టాడట, ఇలాంటి మనుషులతో నాకు బేరం అక్కర్లేదని. పోతే పోయాడు. ఇలాంటి మనుషులంటే ఏంటో అడుగుదామని ఉంది నాకు. మా ఆవిడ తండ్రికి అన్నం పెట్టుకుంటే ఈయనకేం నొప్పి? ఆయన తండ్రికి ఎవరైనా పెడుతున్నారా?

ఇదీ జరిగింది. ఇప్పుడు నీ సంగతి. నువ్వు జ్ఞానతండ్రివి కాబట్టి ఈ గొడవలో నీ వంతు నువ్వు మోయాలి. మీ యార్డులో పాత ఓడల మీంచి విప్పిన కప్పీలు ఉంటాయి కదా, మంచివి, పెద్దవి, ఒక జత చూసి పంపు. వాటికి సరిపడా తాడు కూడా. తెరచాప తాడు ఆ కప్పీల మీదుగా కిందికి మళ్లిస్తే చెవి దాటి చెయ్యెత్తక్కర్లేదు, కూర్చునే లాగొచ్చు. ఆగస్టులో జరిగే పడవ పందేలకి ముందు ఇథలిన్ అడుగు గీకాలి. సెలవు పెట్టుకుని రా. రాలేనని రాస్తే నీ చెల్లెల్ని నీ దగ్గరికి పంపిస్తాను, మీ నాన్న ఏమేం చెప్పాడో అప్పుడు నువ్వు వింటూ కూర్చో.

చుక్కాని ఎవరు పట్టుకోవాలన్నది ఇంకా తేలలేదు. నిన్న పొద్దున్న ఆమె పట్టుకుంది. అది లెక్కలోకి రాదు, గాలే లేదు.

అక్కయ్యగారికి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. నీకు మాత్రం ఏమీ లేవు.

ఇట్లు,
నీ మీద కోపం తగ్గని బావ,
సిల్వన్ డెరోష్

తా.క. కవరు అంటించి మళ్లీ చించాను. వెర్నెటా కోళ్లకి మేత వెయ్యడానికి వెళ్లింది, అది వచ్చేలోపు రాసెయ్యాలి.

ఆ కల అబద్ధం గస్. మీ చెల్లెలికి ఏ కలా రాలేదు. ఆ సంగతి నాకు శుక్రవారం పొద్దున్నే, కోకో గిన్నె కింద పెట్టకముందే తెలుసు. అన్నీ సరిగ్గా చేసింది. చెప్పుల్లేని కాళ్లు చెప్పింది, పైపు చెప్పింది, పెన్సిలు చెప్పింది. ఉప్పు వెయ్యకుండా వండింది, కొవ్వొత్తి వెలిగించింది. ఒక్కటే మర్చిపోయింది. ఆయన 'సిల్వన్' అన్నాడని చెప్పింది. మీ నాన్న బతికున్నన్నాళ్లూ నన్ను ఒక్కసారైనా పేరు పెట్టి పిలవడం నువ్వు విన్నావా? చివరి రోజు మంచం మీద కూడా, 'ఆ లెస్టెర్ వాడు గుమ్మంలో నిలబడ్డాడేం, లోపలికి రమ్మను' అన్నాడు. పైకి పోయాక నా పేరు నేర్చుకునే రకం కాదు మీ నాన్న. ఆయన అలా పిలిస్తే బాగుండునని దానికి ఎప్పుడూ ఉండేదేమో. నోట్లోంచి అలా వచ్చేసింది పాపం.

మరి తెలిసీ తెరచాప ఎందుకెత్తావంటావు. ఈస్టర్ నుంచి చూస్తున్నాను గస్, ఎవరైనా ఒక్కరు వద్దంటారేమోనని. నువ్వు నా ఇష్టమన్నావు. పిల్ల నా ఇష్టమంది. పాస్టరు కూడా నా ఇష్టమే అన్నాడు. ఈ చెయ్యి పడిపోయినప్పటి నుంచి నా ఇష్టం ఏంటో నాకే తెలియదు, మీరంతా దాన్ని గౌరవించారు. వెర్నెటా ఒక్కతే గౌరవించలేదు. తను వద్దంటే నేను మొండికేస్తానని తెలుసు, అందుకే తండ్రిని లేపుకొచ్చింది. నాతో పాటు రోజంతా ఆ చప్పిడి కూడు తనూ తింది. నాకు నీ మీద ఉన్న కోపం నువ్వు వద్దననందుకే, పళ్లేనికీ టోపీ మనిషికీ కాదు.

నాకు తెలుసన్న సంగతి దానికి ఎప్పుడూ చెప్పకు. నా బుద్ధి మళ్లీ గడ్డి తిన్నప్పుడు మీ నాన్న ఇంకోసారి రావాల్సి ఉంటుంది.

లెస్టెర్ వాడు